పదహారుమంది స్టేషను

చదివేవాళ్లు ముందుగా నన్ను మన్నించాలి. నాకు అక్షరాలు వచ్చింది యాభై దాటాక. ఒత్తులు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ తడబడతాను. ఒక పేజీ రాయడానికి నాకు ఒక పూట పడుతుంది. తప్పులుంటే సర్దుకుని చదువుకోండి. ఇందులో సగం పుల్లమ్మ నాకు చెప్పింది, సగం డ్రైవరు నాగూర్ వలి చెప్పాడు. ఊరి పేరు మాత్రం రాయను. సత్తెనపల్లికీ అద్దంకికీ మధ్య, పత్తీ మిరపా పండే నేలలో ఒక చిన్న మునిసిపాలిటీ అనుకోండి, చాలు.

పుల్లమ్మకి పగ పుట్టింది మొగుడు పోయిన రోజున కాదు. ఆ రోజు ఏడుపే సరిపోయింది. పగ పుట్టింది మూడేళ్ల తర్వాత, రెండువేల రెండు ఫిబ్రవరిలో. ఫైర్ స్టేషను ఆవరణలో చీపురు పట్టుకుని వేపాకులు ఊడుస్తుంటే, పోయిన మొగుడి పేరు పెట్టి ఆఫీసరు పిలిచాడు. ఎవడో "యస్ సార్" అన్నాడు. అప్పుడు పుట్టింది.

మొగుడి పేరు బాలస్వామి. పద్నాలుగేళ్లు ఆ స్టేషనులో ఫైర్‌మన్‌గా చేశాడు. నెమ్మదైన మనిషి. ఆదివారం డ్యూటీ లేకపోతే చర్చికి వెళ్లేవాడు, డ్యూటీ ఉంటే బండి కడుక్కుంటూ అక్కడే పాట పాడుకునేవాడు. ఇంటికొచ్చాక ఎంత ఒళ్లు రుద్దుకున్నా పొగవాసన పోయేది కాదు. "నీ పక్కన పడుకుంటే పొయ్యి పక్కన పడుకున్నట్టుంది" అని పుల్లమ్మ దెప్పేది.

ఆ స్టేషనుకి మంజూరైన మనుషులు పదహారు. నిజానికి ఉన్నది తక్కువ. కొత్తవాళ్లని తీసుకోవద్దని పైనుంచి ఆర్డరు. రిటైరైనవాడి చోటు ఖాళీగానే ఉండేది, బదిలీ మీద వెళ్లినవాడి చోటూ ఖాళీగానే ఉండేది. అట్లాంటి రోజుల్లో ఢిల్లీ నుంచి గ్రాంటు వస్తోందన్నారు. కొత్త బండి, కొత్త హోసులు, పొడుగు నిచ్చెన, బండికి షెడ్డు. మనుషుల జీతాలకి మాత్రం అందులో ఏమీ లేదు. పైగా ఒక షరతు పెట్టారు, మనుషులు నిండుగా ఉన్న స్టేషన్లకే బండి ఇస్తామని.

స్టేషను ఆఫీసరు శ్రీకృష్ణ గారు ఆలోచించాడు. బండి వస్తే పేపర్లో ఫోటో వస్తుంది, ప్రమోషను వస్తుంది. ముందు బండి రానీ, మనుషుల్ని తర్వాత అడుగుదాం అనుకున్నాడు. వెళ్లిపోయినవాళ్ల పేర్లు కూడా ఉన్నట్టే చూపించి, పదహారు పేర్లతో లిస్టు పంపాడు. తొంభై ఎనిమిదిలో బండి వచ్చింది. ఎర్రగా, అద్దంలాగా మెరుస్తూ ఎనిమిది మంది కూర్చునే బండి. కొబ్బరికాయ కొట్టారు, ఎమ్మెల్యే రిబ్బను కత్తిరించాడు.

తర్వాత మనుషులు కావాలని శ్రీకృష్ణ గారు పైకి రాస్తే జవాబు ఒకటే. మీకు పదహారుమంది ఉన్నారు కదా, ఇంకా ఎందుకు?

ఉన్నారని రాసింది తనే. లేరని ఎట్లా రాస్తాడు? నోరు మూసుకున్నాడు.

తొంభై తొమ్మిది ఏప్రిల్లో, మిట్టమధ్యాహ్నం, ఊరి చివర జిన్నింగు మిల్లు అంటుకుంది. పత్తి మంట పైకి కనపడదు. నొక్కి కట్టిన పత్తి బేలు లోపల నుంచి లోపలికే పాకుతుంది. ఆరిపోయింది అనుకున్న చోట మళ్లీ లేస్తుంది. ఆ రోజు డ్యూటీలో ఉన్నది ముగ్గురు. డ్రైవరు నాగూర్ వలి, లీడింగ్ ఫైర్‌మన్ ఇమ్మానుయేలు, బాలస్వామి. ఎనిమిది సీట్ల బండిలో ముగ్గురు కూర్చుని వెళ్లారు. డ్రైవరు పంపు దగ్గర్నుంచి కదలకూడదు. ఇక మిగిలింది ఇద్దరు. అంత ఒత్తిడితో నీళ్లు వచ్చే హోసు పట్టుకోవాలంటే ముందు ఒకడు, వెనక ఒకడు ఉండాలి. ఇమ్మానుయేలు వెనక పట్టుకుంటే, రెండో హోసు కలిపేవాడు లేడు.

వైర్‌లెస్‌లో శ్రీకృష్ణ గారి గొంతు వచ్చింది. నాగూర్ వలి చెవులారా విన్నాడు.

"మిల్లు ఓనరు నాకు ఫోను మీద ఫోను చేస్తున్నాడు. బయట నిలబడి ఏం చేస్తున్నారు? లోపలికి వెళ్లి కొట్టండి."

"సార్, ముగ్గురమే ఉన్నాం" అన్నాడు ఇమ్మానుయేలు.

"కొత్త బండిరా అది. బండే పని చేస్తుంది, పదండి."

బాలస్వామి హోసు ఒక్కడే పట్టుకుని గోడౌన్లోకి వెళ్లాడు. ఇమ్మానుయేలు రెండో హోసు కోసం బండి దగ్గరికి పరిగెత్తాడు. అతను తిరిగొచ్చేలోగా హోసు చేయి జారి పాములాగా కొట్టుకుంది, బాలస్వామి కింద పడ్డాడు, పైనుంచి రేకులు కూలాయి. అంతే.

పైకి వెళ్లిన రిపోర్టులో ఇంకోలా ఉంది. ఆరుగురు వెళ్లారనీ, లోపలికి పోవద్దని చెప్పినా వినకుండా బాలస్వామి సొంత తెగింపుతో వెళ్లాడనీ రాశారు. ముగ్గురని రాస్తే పదహారు అబద్ధమని తేలుతుంది, బండి పోతుంది. కింద ఇమ్మానుయేలు సంతకం పెట్టాడు. భర్త ఆర్డరు ధిక్కరించాడు కాబట్టి పుల్లమ్మకి సర్కారు ఉద్యోగం రాలేదు. శ్రీకృష్ణ గారే పిలిచి, అదే స్టేషనులో కాంట్రాక్టు మీద ఊడ్చే పనిలో పెట్టాడు.

"నేను కాబట్టి పెట్టుకున్నాను పుల్లమ్మా. గుర్తుంచుకో."

గుర్తుంచుకుంది. రోజూ పొద్దున ఆవరణ ఊడ్చేది, వాచ్‌రూమ్ తుడిచేది, ఆ గోడ మీద ఎర్ర బొత్తాం ఉన్న సైరను పెట్టె మీద దుమ్ము దులిపేది, ఆయన బల్ల మీద గ్లాసులో నీళ్లు పెట్టేది. ఆ మరుసటి ఏడు క్రిస్మసుకి ఇమ్మానుయేలు పుల్లమ్మ ఇంటికి కేకు పట్టుకొచ్చి, గుమ్మంలో కూర్చుని ఏడ్చి రిపోర్టు సంగతి చెప్పేశాడు.

"నా ఉద్యోగం పోతుందని భయపడ్డాను వదినా. పిల్లలు చిన్నవాళ్లు."

పుల్లమ్మ "కేకు తీసుకెళ్లు మరిదీ, నాకు సయించదు" అంది. కాగితం కాగితమే, మనిషి పోయాడు, ఇప్పుడు ఎవరితో కొట్లాడను అనుకుంది. నాలుగు మెతుకులు తినాలి కదా.

రెండువేల రెండులో మళ్లీ గ్రాంటు అన్నారు. ఈసారి పెద్దది. రెండు బండ్లు, కొత్త బిల్డింగు. కానీ పోయినసారి చాలా స్టేషన్లలో బండ్లు షెడ్లలోనే తుప్పు పడుతున్నాయని ఢిల్లీవాళ్లకి ఎవరో చెప్పారట. ఈసారి స్వయంగా వచ్చి మనుషుల్ని లెక్కపెడతామన్నారు.

స్టేషనులో ఉన్నది ఏడుగురు. శ్రీకృష్ణ గారు రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. మూడో రోజు మార్కెట్ యార్డుకి వెళ్లి, మిరపకాయ టిక్కీలు, అంటే గోనె బస్తాలు, మోసే హమాలీల ముఠా మేస్త్రీ పిచ్చయ్యతో మాట్లాడాడు. తొమ్మిదిమంది హమాలీలు, నాలుగు రోజుల కూలీ, రెండు పూటలా టీ. ట్రంకు పెట్టెల్లోంచి పాత ఖాకీ బట్టలు తీయించి ఉతికించాడు.

రిహార్సలు మొదటి రోజు చూడాలి. హమాలీలకి చొక్కాలు భుజాల దగ్గర పట్టలేదు.

"సారూ, ఈ బూట్లు రెండూ ఎడం కాలివే!" అని ఒకడు అరిచాడు.

"ఎట్లాగోట్లా తొడుక్కోరా. నిన్ను పరిగెత్తమన్నామా?"

"నిలబడటానికి కూడా కుడికాలు ఒకటి కావాలి గదండీ."

నాగూర్ వలి స్టీరింగు మీద తలపెట్టి నవ్వాడు. శ్రీకృష్ణ గారు అటు చూసేసరికి దగ్గుతున్నట్టు నటించాడు.

"ఒరేయ్, వరసలో నిలబడండ్రా. ఏంటా నిలబడటం, టిక్కీలు మోసేవాళ్లలాగా?"

"టిక్కీలు మోసేవాళ్లమే గదా సారూ" అన్నాడు పిచ్చయ్య.

"నోరు ముయ్. జాగ్రత్తగా వినండి. వచ్చేవాళ్లు పెద్ద ఆఫీసర్లు. ఏం అడిగినా మీ నోట్లోంచి ఒకటే మాట రావాలి. యస్ సార్. ఇంకో మాట వచ్చిందా, కూలీ లేదు. అర్థమైందా?"

"యస్ సార్!" అన్నారు తొమ్మిదిమందీ.

తర్వాత లిస్టు తీసుకుని పేర్లు పిలిచాడు. రిటైరైన ఇద్దరి పేర్లు, బదిలీ అయిన ఆరుగురి పేర్లు తలా ఒకరికి పంచాడు. అన్నిటికీ ఎవరో ఒకరు యస్ సార్ అన్నారు. చివర్న పిలిచాడు.

"బాలస్వామి!"

జవాబు లేదు.

"బాలస్వామి!"

పక్కవాడు పిచ్చయ్యని మోచేత్తో పొడిచాడు. "ఒరే, నువ్వేరా."

"ఓ, నేనా! యస్ సార్!"

అందరూ నవ్వారు. పుల్లమ్మ చేతిలో చీపురు ఆగిపోయింది.

ఇమ్మానుయేలు తల దించుకుని బండి వెనక్కి వెళ్లిపోయాడు. ఆమె అతని వెంట వెళ్లింది.

"ఆ పేరు ఇంకా ఉందా మరిదీ?"

"లిస్టు పాతదే వదినా. ఒక పేరు మారిస్తే ఫైలు మొదటికొస్తుందట. చావు కాగితాలు ఒక సెక్షనుకి వెళ్తాయి, గ్రాంటు కాగితాలు ఇంకో సెక్షనుకి. ఒకళ్లది ఒకళ్లు చూసుకోరు. అక్కడ ఆయన ఇంకా డ్యూటీలోనే ఉన్నాడు."

ఆమె సరాసరి ఆఫీసు గదిలోకి వెళ్లింది. చీపురు బయట పెట్టి, కొంగు సర్దుకుని నిలబడింది.

"అయ్యగారూ, మా ఆయన పేరు తీసెయ్యండి. ఆ మేస్త్రీకి ఇంకే పేరైనా పెట్టుకోండి. నేనేమీ అనను."

శ్రీకృష్ణ గారు కాగితాల్లోంచి తలెత్తలేదు. "పేరుదేముంది పుల్లమ్మా? ఊరికి రెండు బండ్లు వస్తాయి."

"చచ్చిపోయిన మనిషండీ."

"అయితే మంచిదేగా." ఇప్పుడు తలెత్తి నవ్వాడు. "అందరూ బతికుండగా చేస్తారు డ్యూటీ. నీ మొగుడు చచ్చి కూడా చేస్తున్నాడు. సంతోషించు."

పుల్లమ్మ బయటికి వచ్చి చీపురు తీసుకుంది. మిగిలిన ఆకులన్నీ శుభ్రంగా ఊడ్చింది. ఆ ఊడ్చినంతసేపూ ఆమె లోపల ఒకటే మాట తిరిగింది. ఈయన నోటితోనే చెప్పించాలి. ముగ్గురే వెళ్లారని, లోపలికి పొమ్మన్నది తనేనని, నలుగురి ముందు, ఈ నోటితోనే.

ఆ రాత్రి నుంచి ఆమెకి నిద్ర బాగా పట్టిందట. అదేంటో నాకు తెలియదు, ఆమే చెప్పింది. మూడేళ్లుగా పట్టని నిద్ర అప్పుడు పట్టిందట.

రెండో రోజు రిహార్సలులో పిచ్చయ్య ఆమె దగ్గరికి వచ్చాడు. చెమటతో తడిసి ముద్దయ్యాడు. మంచివాడే, వాడి మీద ఆమెకి కోపం లేదు.

"అక్కా, ఆ పెద్దోళ్లు వచ్చే రోజున మాకు భోజనం ఎప్పుడో ఈ సారు చెప్పటం లేదు. పొద్దున్నే ఎండలో నిలబడాలంట. మాకు పన్నెండుకి కడుపులో పడకపోతే కళ్లు తిరుగుతాయి."

పుల్లమ్మ పెళ్లి కాకముందు ఆరేళ్లు మార్కెట్ యార్డులో మిరపకాయల తొడాలు, అదే తొడిమలు, తీసింది. యార్డులో మధ్యాహ్నం సైరను మోగుతుంది. అది మోగిందంటే హమాలీ వీపు మీద టిక్కీ ఉన్నా సరే, ఎక్కడున్నవాడు అక్కడే దించేసి చేతులు కడుక్కోవడానికి పోతాడు. సేటు అరిచినా వినడు, గుమస్తా అరిచినా వినడు. ఆ ఊళ్లో హమాలీల ముఠాకి అది తాతలనాటి కట్టుబాటు. సైరను తర్వాత ఒక్క టిక్కీ మోసినా ముఠాలో తప్పు కింద జరిమానా వేస్తారు. రిహార్సల్లో సైరను మోగించలేదు, ఊరు బెదురుతుందని శ్రీకృష్ణ గారే వద్దన్నాడు.

ఆమె పిచ్చయ్య వైపు చూసి నవ్వింది.

"దానికేముంది తమ్ముడూ? ఇక్కడ కూడా మీ యార్డులో లాగానే. సైరను మోగిందంటే భోజనమే."

"అట్లాగా! మరి సారు ఏమీ అనడు కదా?"

"సైరను మోగాక ఎవరేమంటారు? కారియర్లు తెచ్చి ఆ వేపచెట్టు కింద పెట్టుకోండి. తొట్టి నిండా నీళ్లు నేను పోసి ఉంచుతాను."

"నువ్వు చల్లగుండాలక్కా" అన్నాడు పిచ్చయ్య.

ఆ రోజు రానే వచ్చింది. ఆవరణలో ముగ్గు, గేటుకి మామిడి తోరణం. పదహారుమంది రెండు వరసల్లో నిలబడ్డారు. తొమ్మిదింటికి రావాల్సిన వాళ్లు పదకొండున్నరకి వచ్చారు. హైదరాబాదు నుంచి ఒక పెద్దాఫీసరు, ఢిల్లీ నుంచి ఒక సన్నటి ఆయన. ఢిల్లీ ఆయనకి హిందీ తప్ప రాదు. అప్పటికే హమాలీల మొహాలు వాడిపోయాయి. ఒకడు బూట్లలోంచి మడమలు బయటికి తీసి, వాటినే తొక్కుకుని నిలబడ్డాడు.

పేర్లు పిలిచారు. పదహారూ యస్ సార్‌లే. బాలస్వామి పేరుకి పిచ్చయ్య ఈసారి తడబడకుండా, గట్టిగా పలికాడు. ఢిల్లీ ఆయన తల ఊపాడు. శ్రీకృష్ణ గారి మొహం వెలిగిపోయింది. అంతా లోపల టీకి వెళ్లబోతున్నారు.

పుల్లమ్మ వాచ్‌రూమ్‌లో గుడ్డ పట్టుకుని నిలబడి ఉంది. గోడ గడియారం పన్నెండుకి ఐదు నిమిషాలు తక్కువ చూపిస్తోంది. ఎర్ర బొత్తాం మీద అరచేయి పెట్టి నొక్కింది. నొక్కి, తీయలేదు.

సైరను ఊరంతా మోగింది.

నిజమైన ఏడుగురూ మెరుపులా కదిలారు. నాగూర్ వలి ఎగిరి సీట్లో కూర్చుని బండి స్టార్టు చేశాడు. ఇమ్మానుయేలు పక్కన ఎక్కాడు, మిగతా ఐదుగురు వెనక ఎక్కారు. ఢిల్లీ ఆయన చప్పున వాచీ చూసుకుని, తన కోసం పెట్టిన డ్రిల్లు అనుకుని మెచ్చుకోలుగా నవ్వాడు. ఆ నవ్వు మొహం మీద ఉండగానే ఇటు తిరిగాడు.

మిగతా తొమ్మిదిమంది బండి వైపు చూడను కూడా లేదు. "పదండ్రా, అన్నం!" అని పిచ్చయ్య టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. ఒకడు నడుస్తూనే బూట్లు విదిలించి పారేశాడు. తొట్టి దగ్గర వరసగా చేతులు కడుక్కున్నారు. వేపచెట్టు కింద బాసింపట్లు వేసి కారియర్లు విప్పారు. గోంగూర పచ్చడి వాసన ఢిల్లీ ఆయన దాకా వచ్చింది.

"లేవండ్రా! ఒరేయ్ పిచ్చయ్యా! లేవరా!" శ్రీకృష్ణ గారి గొంతు పగిలింది.

"సైరను మోగింది గదండీ" అన్నాడు పిచ్చయ్య, అంత మామూలుగా.

హైదరాబాదు ఆఫీసరు నెమ్మదిగా నడుచుకుంటూ వెళ్లి అతని ముందు నిలబడ్డాడు. "ఏమయ్యా, నీ పేరు బాలస్వామి కదూ?"

పిచ్చయ్యకి కూలీ సంగతి గుర్తొచ్చింది. నోట్లో ముద్దతోనే అన్నాడు. "యస్ సార్."

"ఫైర్‌మన్‌వి?"

"యస్ సార్."

"సైరను మోగితే అన్నం తింటావా?"

"యస్ సార్."

ఆఫీసరు అతని మెడ మీద కాయ కాసిన చోటు చూశాడు. మూట మోసీ మోసీ ఏర్పడే గట్టి చర్మం అది. "మార్కెట్ యార్డులో హమాలీవా?"

"యస్ సార్."

"ఇవాళ ఒక్కరోజుకి తీసుకొచ్చారా?"

"యస్... నాలుగు రోజులండి, రిహార్సలుతో కలిపి."

హమాలీ ఏమంటున్నాడని ఢిల్లీ ఆయన హిందీలో అడిగాడు. శ్రీకృష్ణ గారు నోరు తెరిచేలోపే నాగూర్ వలి బండి దిగి వచ్చి, సలాం చేసి, ఒక్క మాట కూడా వదలకుండా ఉర్దూలో చెప్పాడు. అంత శుభ్రమైన ఉర్దూ తను జన్మలో మాట్లాడలేదని తర్వాత గొప్పలు పోయేవాడు.

పుల్లమ్మ వాచ్‌రూమ్ మెట్లు దిగి వచ్చింది.

"అయ్యా, బాలస్వామి నా మొగుడు. పోయి మూడేళ్లయింది. సైరను మోగించింది నేను."

టీ చల్లారిపోయింది. ఆఫీసర్లిద్దరూ జీపెక్కి వెళ్లిపోయారు.

ఆ తర్వాత నాలుగో రోజున శ్రీకృష్ణ గారు పుల్లమ్మ ఇంటికి వచ్చాడు. మధ్యాహ్నం మూడింటికి. వెనక ఇమ్మానుయేలు, నాగూర్ వలి. పుల్లమ్మ ఇంటి ముందు పందిరి కింద పదిమంది ఆడవాళ్లు గుండ్రంగా కూర్చుని మిరపకాయల తొడాలు తీస్తున్నారు. స్టేషనుకి రావొద్దన్నాక ఆమె మళ్లీ ఆ పనిలో చేరింది. కాయల కుప్ప ఎర్రగా మండిపోతోంది. శ్రీకృష్ణ గారు గడప దాకా రాకముందే రెండుసార్లు తుమ్మాడు.

"లోపలికి వెళ్లి మాట్లాడుకుందాం పుల్లమ్మా."

"లోపల గాలాడదు సార్. ఇక్కడే కూర్చోండి." నులకమంచం చూపించింది. తను తొడాలు తీస్తూనే ఉంది.

ఆయన కూర్చున్నాడు. "సోమవారం గుంటూరులో ఎంక్వయిరీ. నిన్ను కూడా పిలుస్తారు. నువ్వు ఒక్క మాట చెప్తే చాలు. తుడుస్తుంటే చెయ్యి తగిలి సైరను మోగిందని. హమాలీలు ఇసక బస్తాలు మోయడానికి వచ్చారని. ఖాకీ బట్టలు... ఖాకీ సంగతి నేను చూసుకుంటాను."

"నాకేంటి సార్?"

ఆడవాళ్లలో ఒకామె కిసుక్కున నవ్వింది.

"నీకు పర్మినెంటు ఉద్యోగం. నా చేతుల్లో ఉన్నంతవరకూ..."

"ఉద్యోగం సంగతి తర్వాత సార్. ముందు నాకో అనుమానం తీర్చండి. మిల్లు అంటుకున్న రోజున ఎంతమంది వెళ్లారు?"

ఆయన ఆడవాళ్ల వైపు చూశాడు. ఎవరూ తల ఎత్తలేదు కానీ, ఎవరి చేతులూ కదలటం లేదు.

"అది ఇప్పుడు ఎందుకు?"

"అయితే మీరు వెళ్లిరండి సార్. సోమవారం నాకు ఏది గుర్తొస్తే అది చెప్తాను."

ఆయన ఇంకోసారి తుమ్మాడు. కళ్లవెంట నీళ్లు కారుతున్నాయి, మిరప ఘాటుకో ఎందుకో.

"ముగ్గురు" అన్నాడు.

"వినపడలేదండీ. వీళ్లకి కూడా వినపడాలి కదా."

"ముగ్గురు!"

"ఆరుగురని రాసింది ఎవరు?"

"నేనే."

"లోపలికి పొమ్మన్నది ఎవరు?"

ఆయన రుమాలుతో ముక్కు తుడుచుకున్నాడు. నాగూర్ వలి వెనక నుంచి, "నేను విన్నానండీ వైర్‌లెస్‌లో" అన్నాడు. అప్పుడు ఇమ్మానుయేలు ముందుకొచ్చాడు. "నేను కూడా విన్నాను సార్. ముగ్గురమే ఉన్నామని నేను చెప్పాను. బండే పని చేస్తుందన్నారు మీరు."

"అవును, నేనే పొమ్మన్నాను!" శ్రీకృష్ణ గారు లేచి నిలబడ్డాడు. "నేనే పొమ్మన్నాను, చాలా? తప్పయింది, చాలా? ఇప్పుడు వస్తావా సోమవారం?"

"వస్తాను సార్."

"నేను చెప్పమన్నట్టు చెప్తావా?"

పుల్లమ్మ చేతిలో ఉన్న కాయ తొడిమ తుంచి బుట్టలో వేసింది.

"ఇప్పుడు మీరేం చెప్పారో అదే చెప్తాను సార్. ఈ పదిమందినీ కూడా తీసుకొస్తాను. బస్సు చార్జీలు మేమే పెట్టుకుంటాం."

అప్పుడు మొదలుపెట్టి ఆ ఆడవాళ్లు నవ్విన నవ్వు ఆయన వీధి మలుపు తిరిగిందాకా ఆగలేదని చెప్తారు.

సోమవారం చెప్పాల్సింది చెప్పారు. ఇమ్మానుయేలు కూడా చెప్పాడు, అతనికి ఒక ఇంక్రిమెంటు కోత పడింది. బాలస్వామి ఫైల్లో ఆర్డరు ధిక్కరించాడన్న మాట కొట్టేశారు. శ్రీకృష్ణ గారిని సస్పెండు చేశారు. కొత్త గ్రాంటు రాలేదు. ఉన్న ఎర్ర బండిని కూడా మనుషులున్న వేరే ఊరికి పంపించేశారు, స్టేషనుకి అంతకుముందు నాటి పాత బండే మిగిలింది. ఊళ్లో చాలామంది పుల్లమ్మని తిట్టారు. యార్డులో ఒక సేటు ఆమె మొహానే అడిగాడు, "ఊరి బండి పోగొట్టావు కదమ్మా, రేపు అంటుకుంటే ఎవరొస్తారు?" అని.

"బండి ఉంటే మాత్రం ఎవరు ఎక్కేవాళ్లండీ?" అంది పుల్లమ్మ. ఏడుగురే ఉన్నారని పైవాళ్లకి తెలిశాక ఇంకో ఏడాదికి నలుగురు హోంగార్డుల్ని పంపారు. పదహారు మాత్రం ఎప్పుడూ కాలేదు.

ఇక్కడితో ఆమె పగ తీరిందని అనుకుంటారేమో. తీరలేదు.

తొమ్మిది నెలలకి శ్రీకృష్ణ గారిని మళ్లీ ఉద్యోగంలోకి తీసుకున్నారు, వేరే ఊరి స్టేషనుకి వేశారు. అది తెలిశాక వచ్చిన ఏప్రిల్లో, బాలస్వామి పోయిన తారీఖున, పుల్లమ్మ తెల్లచీర కట్టుకుని బస్సెక్కి ఆ ఊరికి వెళ్లింది. స్టేషను ఎదురుగా సోడా బండి పక్కన, గేటు కనపడేట్టు కూర్చుంది. పొద్దుట్నించీ సాయంత్రం దాకా కూర్చుంది. ఎవరితోనూ ఏమీ అనలేదు. ఆయన కిటికీలోంచి చూశాడు. మధ్యలో ఏదో గడ్డివామి అంటుకుందని బండి బయటికి వచ్చింది. పుల్లమ్మ లేచి నిలబడి, బండిలో తలలు ఒక్కొక్కటే వేలితో చూపిస్తూ లెక్కపెట్టింది. మళ్లీ కూర్చుంది.

మరుసటి ఏడు కూడా వెళ్లింది. ఆయన బదిలీ చేయించుకుంటే ఆ కొత్త ఊరు కనుక్కుని అక్కడికీ వెళ్లింది. ఒకసారి ఆయన కానిస్టేబులుని పంపి లేపించబోయాడు. "రోడ్డు పక్కన కూర్చున్నాను బాబూ, తప్పా?" అంటే కానిస్టేబులు ఏమీ అనలేక సోడా తాగి వెళ్లిపోయాడు.

నాగూర్ వలి ఆ జిల్లా డ్రైవర్ల ద్వారా విని ఒక సంగతి చెప్పాడు. ఏ ఊళ్లో ఉన్నా సరే, ఏప్రిల్లో ఆ ఒక్క రోజున శ్రీకృష్ణ గారు ఎవరికీ సెలవు ఇవ్వడట. జ్వరం వచ్చినవాణ్ణి కూడా రప్పిస్తాడట. పక్క స్టేషను నుంచి బతిమాలి ఇద్దర్ని తెచ్చుకుంటాడట. ఆ రోజు బండి కదిలితే సీట్లన్నీ నిండి ఉండాల్సిందేనట.

ఆ మాట నేను పుల్లమ్మకి చెప్పాను. వింది.

"మిగతా రోజుల సంగతి ఏంటో మరి" అంది. "ఇక నుంచి నెలకోసారి వెళ్తాను."

వెళ్లింది కూడా, ఆయన రిటైరయ్యేదాకా.

షేక్ సైదాబీ, అరవై తొమ్మిదేళ్లు,
ఇప్పుడు ఉంటున్నది మంగళగిరిలో.